పక్క సీటు

"మూరీ డబ్బాకి మూత ఎవులు పెట్టనేదు?"

పుష్పరాణి వంటింటి గుమ్మంలో నిలబడి అడిగింది. మరమరాల డబ్బా చంకలో ఉంది. ఎవరినీ పేరు పెట్టి అడగకపోయినా, ఆ ఇంట్లో అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పాల్సిన మనిషి ఒక్కరే.

సత్యవేణి చేప ముక్కలకు పసుపు రాస్తోంది. తల ఎత్తలేదు.

"పొద్దున తిన్నది మీరే కదా వదినా."

"నాను మూత పెట్టీసే ఎల్లాను. ఇప్పుడు సూడు, ఎలగయిపోనాయో. నోట్లో ఏసుకుంటే గుడ్డ నమిలినట్టుంది."

"వానలు. మూత పెట్టినా మెత్తబడతాయి."

"అలగయితే మూతలెందుకు, డబ్బాలెందుకు? అన్నీ నేల మీద పోసీ."

"పోస్తే మీరే ఎత్తుకోవాలి. నేను వంగలేను. నడుం నొప్పి."

"అవునవును. నడుం నొప్పి నీకు మొన్నే కదా వొచ్చింది. టికెట్లు వొచ్చిన కాణ్ణించి."

ముందుగదిలో టీవీ చప్పుడు ఆగిపోయింది.

టికెట్లు అన్న మాట ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ పైకి అనలేదు. సిడ్నీలోని ఓడల కంపెనీ తనకు సరుకులందించే వ్యాపారులను దంపతులుగా రమ్మని పిలిచింది. వీసా తనకూ, భార్య సత్యవేణికీ, అక్కకూ, ముగ్గురికీ చేయించాడు ప్రసన్నకుమార్. ఎందుకైనా మంచిదన్నాడు. సత్యవేణి రెండు పట్టుచీరలకు ఫాల్స్ కుట్టించుకుంది. తీరా ఫస్ట్ క్లాసు టికెట్లు వచ్చి చూస్తే, అతని పేరు పక్కన అతని అక్క పుష్పరాణి పేరు ఉంది.

చీరలు ఇంకా మంచం మీదే మడతల్లో ఉన్నాయి. వాటిని లోపల పెట్టమని ఎవరూ అనలేదు. ఆమె పెట్టలేదు.

ప్రసన్నకుమార్ వంటింట్లోకి వచ్చాడు. ఒక చేతిలో రిమోటు అలాగే ఉంది.

"అప్పా, ఒగ్గీ. మూరీయే కదా, సాయంత్రం కొత్తవి తెస్తాను."

అక్కను అతను చిన్నప్పటి నుంచీ అప్ప అనే పిలుస్తాడు. తండ్రి గవరయ్య ఖిదిర్‌పూర్ డాక్‌లో బస్తాలు మోస్తూనే పోయాడు. అప్పటికే మొగుడు పోయి పుట్టింటికి చేరిన పుష్పరాణి తమ్ముణ్ణి చదివించింది, తాళ్ళూ గోనె సంచులూ అమ్మే చిన్న షాపు పెట్టించింది. అదే ఇప్పుడు ఓడలకు బియ్యం నుంచి పెయింటు దాకా సరఫరా చేస్తోంది. సంగతి సత్యవేణికి తెలియనిది కాదు. తెలియనివ్వకుండా ఒక్క పూట కూడా ఆ ఇంట్లో గడవలేదు.

"సత్యా," అన్నాడు ప్రసన్నకుమార్. గొంతు మెత్తగా ఉంది. ఏదో అడగబోతున్నాడు. "టికెట్ల బిప్లబ్ ఫోన్ చేశాడు. సీట్లింకా ఎంచలేదంట. నాకు జెట్టీలో ఓడ ఉంది. నువ్వోపాలి ఎల్లి సూసిరా. ఆ బొమ్మలూ అవీ అన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. నీకయితే తెలుస్తాది."

సత్యవేణి చేప ముక్కను పళ్ళెంలో పెట్టింది.

"ఎవరి సీట్లు?"

"మా సీట్లే."

మన అనలేదు. మా అన్నాడు. అన్నాక అతనికీ తెలిసినట్టుంది, రిమోటును ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు.

"మీ సీట్లు నన్ను ఎంచమంటారు."

"సదువుకున్నదానివి కదా."

"చదువుకున్నాను కాబట్టే మళ్ళీ అడుగుతున్నాను. మీరూ, వదినా. మీ ఇద్దరికీ మంచి సీట్లు చూసి రమ్మని నన్ను పంపుతున్నారు. అంతేనా?"

"అక్కడ మాటలన్నీ సరుకు గురించే సత్యా. అప్పకి తెలుసు. నువ్వొచ్చి ఏటి సేస్తావు సెప్పు?"

"దంపతులు అని రాశారు వాళ్ళు."

"ఆళ్ళకేటి తెలుసు మన ఇంటి సంగతి."

పుష్పరాణి డబ్బా కింద పెట్టింది. "నాకు కిటికీ వొద్దు. కిందకి సూస్తే కళ్ళు తిరుగుతాయి. తమ్ముడి పక్కనే ఉండాల. మజ్జిలో అడ్డూ ఆపూ ఉండకూడదు. నాకు బయ్యం."

ఆ ఒక్క మాటలో ఎత్తిపొడుపు లేదు. పుష్పరాణి ఊరి చివరి సంత్రాగాఛి స్టేషను దాటి రైల్లో వెళ్ళిందే రెండు మూడుసార్లు. నిజంగానే భయం.

సత్యవేణి చేతుల పసుపు కడుక్కుంది.

"అలాగే వదినా. పక్కనే ఉండేలా చూస్తాను."

*

బిప్లబ్ ఆఫీసు ఫ్యాన్సీ మార్కెట్ వెనక సందులో, మేడ మీద. మెట్ల దాకా వాన నీళ్ళు వచ్చాయి. చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఎక్కింది.

"రండి దీదీ, కూర్చోండి," అన్నాడు బిప్లబ్ బెంగాలీలో. కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పాడు. "గల్ఫ్ దాకా చిన్న ప్రయాణం, దాని గురించి బెంగ లేదు. అక్కణ్ణించి సిడ్నీకి పధ్నాలుగు గంటలు. సీటు సరిగ్గా ఎంచుకోవాల్సింది దానికే."

తెర మీద విమానం కడుపు కోసి పరిచినట్టుంది. వరుసకు నాలుగు సీట్లు. ఈ చివర కిటికీకి ఒకటి, ఆ చివర కిటికీకి ఒకటి, మధ్యలో రెండు.

"ఇద్దరు కలిసి వెళ్తే ఏది మంచిది?" అని అడిగింది సత్యవేణి.

బిప్లబ్‌కి ఇష్టమైన ప్రశ్న అది. కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"అందరూ కిటికీ అడుగుతారు దీదీ. ఫస్ట్ క్లాసు కదా, కిటికీ లేకపోతే ఏం లాభం అంటారు. మొగుడికో కిటికీ, పెళ్ళానికో కిటికీ. తీరా ఎక్కాక చూస్తే ఎవరి గది వాళ్ళదే, చుట్టూ గోడలు. మొహాలు చూసుకోవాలన్నా లేచి నిలబడాలి. పోట్లాడుకుని వెళ్ళే వాళ్ళకయితే సరే, బాగుంటుంది." తన మాటకు తనే నవ్వాడు. "ఇద్దరికి మధ్య సీట్లే. మొదటి వరుస వద్దు. ముందే వంటిల్లు, గిన్నెల చప్పుడు, వెలుతురు. చివరి వరుస వద్దు, బాత్‌రూం తలుపు. రెండో వరుస మధ్యలో రెండూ, ఇవిగో. ఈ రెండింటికీ నడుమ ఉన్న చెక్క మీట నొక్కితే కిందికి దిగిపోతుంది. భోజనాలయ్యాక వాళ్ళే వచ్చి రెండూ కలిపి పరుపు వేస్తారు."

"ఒకే పక్కా?" అంది తెలుగులో. మళ్ళీ బెంగాలీలో అడిగింది.

"ఒకటే. అచ్చం ఇంట్లో మంచంలాగా." బిప్లబ్ ఫోటో తీసి చూపించాడు. తెల్లటి దుప్పటి, రెండు తలగడలు, మీద గులాబీ రేకులు. "నేను ఇవే పట్టి ఉంచాను. నిన్న బౌది ఫోన్ చేసి చెప్పింది కదా."

"ఎవరు చేశారు?"

"బౌది. ఆమి బౌది బోల్ఛి, బౌదిని మాట్లాడుతున్నాను అంది. దాదా పక్కనే ఉండాలి, మధ్యలో ఏ అడ్డూ ఉండకూడదు, ఇద్దరం కలిసి ఇంత దూరం వెళ్ళడం ఇదే మొదలు అని చెప్పింది. ఆవిడ మాటలకి నాకే ముచ్చటేసింది దీదీ, ఈ వయసులో అంత ప్రేమ. విమానం వాళ్ళకు రాసి పెట్టాను. భార్యాభర్తలు, మొదటి ప్రయాణం, పక్క కలిపి వేయండి, కేకు పెట్టండి అని."

సత్యవేణి ఫోటోలోని తలగడల వైపే చూస్తూ కూర్చుంది.

షాపులో పనిచేసే తెలుగు వాళ్ళందరూ పుష్పరాణిని వదిన అనే పిలుస్తారు. అది విని, వదినంటే ఏమిటని ఎవరో బెంగాలీ కుర్రాడు అడిగితే, బౌది అని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి డాక్ సందు మొత్తానికీ ఆమె బౌది అయిపోయింది. తెలుగులో అన్న పెళ్ళామూ వదినే, మొగుడి అక్కా వదినే. బెంగాలీలో అలా కాదు. బౌది అంటే దాదా పెళ్ళామే, అన్న భార్యే. బడ్జ్ బడ్జ్‌లో జూట్ మిల్లు క్వార్టర్స్‌లో బెంగాలీ పిల్లల మధ్య పెరిగి, వాళ్ళతోనే కాలేజీకి వెళ్ళిన సత్యవేణికి ఆ తేడా ఎవరూ చెప్పక్కర్లేదు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఒకసారి వదినకు చెప్పబోయింది కూడా. నీ కాలేజీ సదువు నా కాడొద్దు అంది పుష్పరాణి. ప్రసన్నకుమార్ పక్కనే ఉన్నాడు. నవ్వి ఊరుకున్నాడు.

"మీరు దాదా చెల్లెలు కదా దీదీ?" అన్నాడు బిప్లబ్. "మా ఇంటి అమ్మాయిని పంపిస్తాను, బొమ్మ చూసి చెబుతుంది అంది బౌది."

ఒక్క మాట చాలు. బౌదిని నేను, ఆవిడ నాకు ఆడపడుచు అంటే అయిపోయేది. బిప్లబ్ నాలుక కరుచుకుని, క్షమించమని, అన్నీ మార్చేసేవాడు.

మాట నోటి దాకా వచ్చింది.

కొత్త షాపు తెరిచిన రోజు ఇలాగే ఫోటోగ్రాఫర్ అడిగాడు. బౌది, దాదా పక్కకి రండి అని. సత్యవేణి అడుగు వేసేలోపే పుష్పరాణి వెళ్ళి నిలబడింది. ప్రసన్నకుమార్ జరగలేదు, పిలవలేదు. ఆ ఫోటో షాపులో గల్లాపెట్టె మీద ఇప్పటికీ ఉంది. అందులో ఒక అంచున కొబ్బరికాయల పళ్ళెం, దాన్ని పట్టుకున్న ఒక చెయ్యి. ఆ చెయ్యి ఎవరిదని ఆ షాపులో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"అవును," అంది సత్యవేణి. "ఆవిడే బౌది."

"అయితే ఈ సీట్లే ఖాయం చెయ్యనా?"

"చెయ్యండి. పక్క, కేకు, పూలు, ఏదీ మార్చకండి."

"బౌదికి ఒకసారి చెప్పమంటారా?"

"ఆవిడకి సిగ్గెక్కువ. అడిగితే వద్దంటుంది. ఆదివారం మధ్యాహ్నం దాదాకి ఆ ఫోటోతో సహా పంపండి. అందరం ఇంట్లోనే ఉంటాం."

మెట్లు దిగుతున్నప్పుడు కుచ్చిళ్ళు పట్టుకోవడం మరిచిపోయింది. చీర మోకాళ్ళ దాకా తడిసింది.

*

"అయిందా?" అన్నాడు ప్రసన్నకుమార్ ఆ సాయంత్రం.

"అయింది."

"పక్కపక్కనేనా?"

"ఇంతకంటే దగ్గర సీట్లు ఆ విమానంలోనే లేవట."

"మంచి పని సేసినావు," అన్నాడు. తేలిగ్గా ఊపిరి తీసుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. టికెట్లు వచ్చాక అతను ఆమెను ముట్టుకోవడం అదే మొదలు. సత్యవేణి ఆ చెయ్యిని తీయలేదు. ఆ రాత్రి మంచం మీది చీరలను మాత్రం తమ ఇద్దరి మధ్య తలగడలా పెట్టింది.

ఆదివారం నలుగురూ కింద చాప మీదే కూర్చున్నారు. బల్ల కొన్నా, అత్త కాసులమ్మ కుర్చీ ఎక్కి తినదు. ఆమె కింద కూర్చుంటే మిగతా వాళ్ళూ కిందే. చేపల పులుసు, పాలకూర పప్పు. కాసులమ్మ పప్పు కలుపుతూ ఉండగా కొడుకు ఫోన్ టింగుమంది.

ప్రసన్నకుమార్ ఎడమ చేత్తో తీసి చూశాడు. నవ్వుతూ చూడటం మొదలుపెట్టాడు. తరవాత నవ్వు ఆగింది. ఫోన్ బోర్లించి పెట్టేశాడు.

"ఏటది?" అంది పుష్పరాణి.

"ఏటీ నేదు. బిప్లబ్."

"సీట్లేనా? సూపించు. నాకూ సూడాలని ఉండదేటి?"

"తర్వాత సూద్దాం అప్పా."

పుష్పరాణి చెయ్యి చాచి ఫోన్ తీసుకుంది. ఇంగ్లీషు అక్షరాలు ఆమెకు రావు. బొమ్మ కనిపించింది.

"ఈ మంచం ఎవులిది?"

ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

"విమానంలో ఇలగుంటాదేటి? ఈ పూలేటి? తమ్ముడా, ఏటి రాశాడు? సదువు."

"అప్పా, తిను."

"నేను చదువుతాను వదినా," అంది సత్యవేణి. ఫోన్ అందుకుంది. తాపీగా, ఒక్కో మాటా తెలుగు చేసి చెప్పింది. "దాదాకీ బౌదికీ శుభాకాంక్షలు. రెండో వరుసలో మధ్య సీట్లు రెండూ ఖాయమయ్యాయి. మీరు కోరినట్టే అడ్డు తీసేసి, పక్క కలిపి వేస్తారు. భార్యాభర్తల మొదటి ప్రయాణానికి విమానం వాళ్ళు కేకు ఇస్తారు. కేకు మీద ప్రసన్న, పుష్ప అని రాయిస్తారు."

కాసులమ్మ చెయ్యి పళ్ళెంలోనే ఆగింది.

"నీకు తెలుసు," అన్నాడు ప్రసన్నకుమార్.

"తెలుసు."

"తెలిసీ ఊరుకున్నావు."

"నేనేం చెప్పాలి? ఆవిడ కాదు, బౌదిని నేనని చెప్పాలా? ఇన్నేళ్ళలో మీరు ఎవరికైనా చెప్పారా?"

"వదినంటే బౌదే కదేటి?" అంది పుష్పరాణి. ఆమె ఇంకా బొమ్మ దగ్గరే ఉంది. "షాపులో అందరూ అలగే పిలుస్తారు. నాను అలగే సెప్పాను."

"వాళ్ళ భాషలో అన్న పెళ్ళాన్ని ఒక్కదాన్నే అలా పిలుస్తారు వదినా. మొగుడి అక్కని అనరు. మీకు ఒకసారి చెప్పాను."

పుష్పరాణి తమ్ముడి వైపు తిరిగింది. "అవునేటి?"

ప్రసన్నకుమార్ చేప ముల్లు ఏరుతున్నాడు.

"నీకు తెలుసా? నీకు ముందే తెలుసేటి?"

"ఏదో పిలుపు అప్పా. పిలుపులో ఏటుంది?"

"అయితే షాపులో గుంటలందరూ ఇన్నాళ్ళూ నన్ను..." పుష్పరాణి చెంగు తీసి నోటికి అడ్డం పెట్టుకుంది. "ఫోటోలు తీసినోడు, జెట్టీలో ఓడల సారంగు, బేంకు మేనేజరు. అందరూనా?"

సత్యవేణి ఇదే చూడాలనుకుంది. ఇన్ని రాత్రులు కళ్ళు మూసుకుని ఊహించుకున్నది ఇదే. ఇప్పుడు కళ్ళెదురుగా ఉంది. పుష్పరాణి వేళ్ళకు అంటిన అన్నం మెతుకులు ఎండిపోతున్నాయి. సత్యవేణి కళ్ళు తిప్పుకోలేదు.

"ఆళ్ళనేటి అంటావే," అంది కాసులమ్మ కూతురితో. "పెళ్ళాం కూకోవాల్సిన కాడ అప్పని కూకోబెట్టినోడు ఈడు. నువ్వూ కూకున్నావు. నానూ సూస్తూ ఊరుకున్నాను."

"నాను ఎల్లను." పుష్పరాణి నోటి మీంచి చెంగు తీసింది. "ఆ మంచం ఎక్కను, ఆ విమానం ఎక్కను. సత్యవేణే ఎల్తాది."

ప్రసన్నకుమార్ తలెత్తాడు. అతని మొహంలో ముందు ఆశ్చర్యం, తరవాత నెమ్మదిగా ఊరట.

"అలగయితే అలగే కానీ అప్పా. బుధవారం దాకా పేరు మార్చుకోవచ్చన్నాడు కంపెనీవోడు. వీసా ఉండనే ఉంది." భార్య వైపు తిరిగాడు. "నువ్వే రా సత్యా. సీట్లెలాగూ మంచివే ఎంచినావు. ఆటినే ఉంచుదాం. ఏమంటావు?"

నవ్వుతూ గిన్నె దగ్గరకు లాక్కుని, చేప తలకాయ తీసి ఆమె పళ్ళెంలో వేశాడు. ఆ ఇంట్లో తలకాయ ఎప్పుడూ పుష్పరాణిదే.

సత్యవేణి దాన్ని చూసింది. రా అన్నాడు. ఈ మాట కోసం ఎంతకాలం చెవి ఒగ్గి ఉందో ఆమెకే తెలుసు. అక్క లేస్తే ఖాళీ అయిన చోటు అది. ఖాళీ కనిపించకుండా అందులోకి ఎవరో ఒకరు జరగాలి. అంతే.

"వస్తాను," అంది.

"ఆఁ, మరింకేం."

"టికెట్టు నాది. కంపెనీ వాళ్ళు పిలిచింది నన్ను. నేను వస్తాను. మధ్య సీట్లు మాత్రం వద్దు. రేపు పొద్దున్నే వెళ్ళి మార్పిస్తాను. రెండో వరుసలోనే, ఈ చివర కిటికీ నాకు, ఆ చివర కిటికీ మీకు."

ప్రసన్నకుమార్‌కు వెంటనే అర్థం కాలేదు. "మజ్జిలో?"

"మధ్యలో ఎవరో మొగుడూ పెళ్ళాలు వచ్చి పడుకుంటారు. పధ్నాలుగు గంటలు మీరు ఆ గోడకి, నేను ఈ గోడకి."

"ఏటిది సత్యా. పేర్లు సూసి విమానంలో వాళ్ళేటనుకుంటారు?"

"వదిన మీ పక్కన నిలబడ్డప్పుడు ఎవరేమనుకుంటారో మీకు పట్టలేదు. ఇప్పుడెందుకు?"

"అక్కడ విందు ఉంటాది. పెద్ద పెద్దోళ్ళు. ఇద్దరం కలిసి..."

"విందులో నా పక్కనే కూర్చోండి. ఈవిడెవరని వాళ్ళు అడుగుతారు. నేను చెబుతాను. మీరు నోరు తెరవకండి. అలవాటే కదా."

పుష్పరాణి లేవబోయింది. "కూచో," అంది కాసులమ్మ. పుష్పరాణి కూర్చుంది.

బయట వాన మళ్ళీ పట్టుకుంది. పులుసు మీద నూనె తెట్టు కడుతోంది. ఎవరూ ముట్టలేదు. చేప తలకాయను సత్యవేణి రెండు వేళ్ళతో తీసి వదిన పళ్ళెంలో పెట్టింది. అది దయ కాదని పుష్పరాణికి తెలిసింది. తల వంచుకుంది.

కాసులమ్మ కోడలి మొహంలోకి చూసింది. ఆ ముసలి కళ్ళకు కొడుక్కి కనిపించనిదేదో కనిపించినట్టుంది.

"ఎల్లినప్పుడు సరే అమ్మీ," అంది నెమ్మదిగా. "మరి వొచ్చినప్పుడో? అప్పుడెక్కడ కూకుంటావు?"

సత్యవేణి పళ్ళెం పట్టుకుని లేచి నిలబడింది.

"తిరుగు ప్రయాణానికి నేనింకా సీటు ఎంచలేదత్తా."